శనివారం నానేస్తే ఆదివారం పితికిపప్పు

డిసెంబరు మొదలయ్యాక శనివారం సాయంత్రం బడి నుంచి ఇంటికొచ్చే దారిలో రైతుబజారు దగ్గర దిగుతాను. అనపకాయల కుప్పలో నుంచి నాలుగు కాయలు తీసుకుని నలిపి వాసన చూస్తాను. వేళ్లకు కొంచెం జిడ్డు అంటుకోవాలి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఘాటుగా, కమ్మగా ఒక వాసన రావాలి. అది వస్తే రెండు కిలోలు తీసుకుంటాను, లేకపోతే వచ్చే వారం చూద్దామని ఊరికే వచ్చేస్తాను. మంచు పడని కాయకు ఆ వాసన ఉండదు, వాసన లేని కాయతో పితికిపప్పు, అంటే నానిన గింజను పితికి పొట్టు తీసి వండే పులుసు, చేస్తే ఏదో చిక్కుడుగింజల కూర తిన్నట్టే ఉంటుంది.

మా ఇల్లు తిరుపతి బైరాగిపట్టెడలో. డాబా ఎక్కితే శేషాచలం కొండలు కనిపిస్తాయి. వాన పట్టిన రోజుల్లో కొండ సగం దాకా మబ్బు దిగుతుంది, కపిలతీర్థంలో నీళ్లు దూకుతున్నాయని వీధిలో అందరూ చెప్పుకుంటారు. ఆ చలిలో పాప బెంగుళూరు నుంచి, అబ్బాయి చిత్తూరు కాలేజీ నుంచి ఇంటికొస్తారు. మొదట్లో వాళ్లు వస్తున్నారంటే బిర్యానీ, పూరీలు, ఇంకేవేవో పెట్టుకునేదాన్ని. నేను పొయ్యి దగ్గరే ఉండిపోయేదాన్ని, వాళ్లు తలా ఒక గదిలో ఫోను పట్టుకుని ఉండేవాళ్లు. తిన్నారు, వెళ్లారు, అంతే. పితికిపప్పు పెట్టుకున్న వారం అట్లా కాదు. రెండు కిలోల కాయలు ఒక్కదాన్నే ఒలిచి, ఒక్కదాన్నే పితకడం కుదరదు. అందరి చేతులూ కావాలి. ఆ కారణానికే చలికాలం సెలవు రోజుకు నేను వేరే వంట అనుకోను.

పని శనివారం రాత్రి మొదలుపెడితేనే ఆదివారం మధ్యాహ్నానికి అందుతుంది. ఆ రాత్రికి అన్నంలోకి మిరియాల చారు చాలు, దాని గురించి చివర్లో చెప్తాను. ముందు కాయల సంగతి.

కాయలు ఒలవడం, నానెయ్యడం

పెద్ద దుప్పటో, పాత చీరో పరిచి అందరూ చుట్టూ కూర్చోండి. కాయ తొడిమ దగ్గర చీలిస్తే నార ఊడి వస్తుంది, లోపల మూడో నాలుగో గింజలుంటాయి. కాయ పచ్చగా, గింజ దగ్గర ఉబ్బి ఉంటే అది సరైన కాయ. పసుపు తిరిగి ముడతలు పడిన కాయలో గింజ ముదిరి ఉంటుంది. దాన్ని పితికినా పొట్టు వదలదు, వదిలినా మిగతా పప్పుతో పాటు ఉడకదు. అట్లాంటివి విడిగా పెట్టి చారులో వేసుకోండి. మరీ లేత గింజ పితికితే పప్పు చిట్లిపోతుంది, దాన్ని పొట్టుతోనే వంకాయ కూరలో వెయ్యండి. రెండు కిలోల కాయలకు మా ఇంట్లో దగ్గర దగ్గర నాలుగు గ్లాసుల గింజలు వస్తాయి, పితికాక మూడు గ్లాసుల పప్పు. ఐదుగురికి సరిపోతుంది, అబ్బాయి రెండోసారి వేసుకోవడానికి కూడా ఉంటుంది.

పడుకోబోయే ముందు గింజలు కడిగి, మునిగి పైన నాలుగు వేళ్లు నిలబడేన్ని నీళ్లు పోసి పెట్టండి. ఏడెనిమిది గంటలు చాలు. మరిచిపోయి పొద్దున గుర్తుకొస్తే గోరువెచ్చటి నీళ్లలో వేస్తే మూడు గంటల్లో పొట్టు వదులవుతుంది. మరిగే నీళ్లు మాత్రం పొయ్యొద్దు, గింజ పైన ఉడికిపోయి పొట్టు పప్పుకు అంటుకుంటుంది.

పితికేది ఎట్లాగంటే

గింజకు ఒక పక్క చిన్న తెల్లటి గీత ఉంటుంది. ఆ గీత ఉన్న వైపును అరచేతి వైపు పెట్టుకుని, రెండో కొసను బొటనవేలితో, చూపుడు వేలితో నొక్కాలి. పప్పు జారి గిన్నెలో పడుతుంది, పొట్టు వేళ్ల మధ్య మిగులుతుంది. గట్టిగా నొక్కితే పప్పు రెండు బద్దలై ఎగిరి ఎక్కడో పడుతుంది. మెల్లగా, కానీ ఒక్కసారే నొక్కాలి. పది గింజలు పితికేసరికి వేళ్లకు తెలిసిపోతుంది.

మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పి, కింద కూర్చోలేదు. కుర్చీలో కూర్చుని ఒడిలో పళ్లెం పెట్టుకుంటుంది. రెండు చేతులతో రెండు గింజలు ఒకేసారి పితుకుతుంది. మేం నలుగురం కలిసినా ఆమెను అందుకోలేం. పితుకుతున్నంత సేపు పాత మాటలు వస్తాయి. ఐరాల దగ్గర మా ఊళ్లో అవ్వ బతికున్నప్పుడు పండగ ముందు రోజు రాత్రి పక్కింటోళ్లు కూడా వచ్చి పితికిపెట్టేవాళ్లు. ఈ రోజు మీ ఇంట్లో, రేపు మా ఇంట్లో. పొట్టంతా గంపకెత్తి పొద్దున ఆవుకు వేసేవాళ్లు. ఇప్పుడు మేం పూలకుండీల్లో వేస్తున్నాం.

పాప తన ఆఫీసు మాటలు చెప్పేది ఈ గంటలోనే. ఫోన్లో ఎన్నిసార్లు అడిగినా ‘బాగానే ఉందిమ్మా’ అంటుంది. చేతిలో పని పెట్టుకుని, ముఖం ముఖం చూసుకోకుండా కూర్చున్నప్పుడు మనిషి నోరు విప్పుతుంది. ఈ మాట రాయాలనే ఇదంతా మొదలుపెట్టాను. కాబట్టి దయచేసి పితికి అమ్మే పప్పు కొనుక్కోవద్దు. బెంగుళూరులో సీజనులో అట్లా కవర్లలో దొరుకుతుంది, అక్కడ దీన్ని హితికిద అవరేబేళె అంటారు. వేలూరు వైపు పిదుక్కు పరుప్పు అంటారు. 1911లో జిల్లా అయ్యేదాకా మా చిత్తూరు ఉత్తర ఆర్కాటులోనే ఉండేది, ఇటు పక్క కన్నడం, అటు పక్క అరవం. మూడు భాషల్లోనూ ఈ పప్పు పేరు పితకడం మీదే ఉంది.

పులుసు

మసాలా ముందు సిద్ధం చేసుకోండి. మూడు గ్లాసుల పప్పుకు రెండు పెద్ద చెంచాల ధనియాలు, ఎనిమిది ఎండుమిరక్కాయలు, అంగుళం దాల్చిన చెక్క, నాలుగు లవంగాలు సన్న సెగ మీద వేయించాలి. ధనియాలు రంగు మారి వాసన వచ్చాక ఒక చిన్న చెంచా గసగసాలు వేసి వెంటనే పొయ్యి ఆపెయ్యండి. గసగసాలు మొదట్లోనే వేస్తే మాడి మసాలా అంతా చేదెక్కుతుంది. చల్లారాక అర చిప్ప కొబ్బరి, ఎనిమిది తెల్లగడ్డ (వెల్లుల్లి) పాయలు, అంగుళం అల్లం, ఒక ఎర్రగడ్డ (ఉల్లిపాయ) కలిపి మెత్తగా రుబ్బుకోండి. ఇది బరకగా ఉండకూడదు, పులుసు విరిగినట్టు కనిపిస్తుంది.

మందపాటి గిన్నెలో నాలుగు చెంచాల చెనక్కాయ (వేరుశనగ) నూనె పోసి ఆవాలు, కరివేపాకు, సన్నగా తరిగిన రెండు ఎర్రగడ్డలు వేయించి, మూడు టమోటాలు వేసి గుజ్జయ్యేదాకా మగ్గించండి. రుబ్బిన మసాలా వేసి నూనె పక్కలకు తేలేదాకా కలుపుతూ ఉండండి. తొందరపడితే పచ్చి మసాలా వాసన ఎంత ఉడికించినా పోదు. నూనె తేలాక పప్పు, పసుపు, ఉప్పు వేసి రెండు నిమిషాలు మెల్లగా తిప్పి, ఐదు గ్లాసుల వేడినీళ్లు పొయ్యండి. మూత సగం పెట్టండి. పదిహేను, ఇరవై నిమిషాల్లో ఉడుకుతుంది. ఒక పప్పు తీసి వేళ్లతో నొక్కితే వెన్నలా నలగాలి, గిన్నెలో మాత్రం దేనికదిగా కనిపించాలి.

చింతపండు రసం అప్పుడే, పప్పు ఉడికాక, అర నిమ్మకాయంత చింతపండుది పొయ్యాలి. పులుపు ముందు పోస్తే పప్పు బిగుసుకుపోతుంది. ‘పులుపు ముందు పోస్తే గింజ అలుగుతుంది పాపా’ అనేది మా అవ్వ. పోశాక ఇంకో ఐదు నిమిషాలు మరిగించి దించండి. పొయ్యి మీద పలచగా ఉందనిపించినా భయపడొద్దు, అరగంట ఉంటే చిక్కబడుతుంది. వంకాయ, ఉర్లగడ్డ (బంగాళాదుంప) వేసేవాళ్లున్నారు. వేస్తే బాగానే ఉంటుంది. నేను వెయ్యను, ఇంత కష్టపడి పితికిన పప్పు రుచి మీద ఇంకో రుచి ఎందుకని.

కుక్కర్లో పెట్టొద్దు. ఒక సంక్రాంతికి చుట్టాలొస్తున్నారని తొందరలో రెండు విజిల్స్ రానిచ్చాను. మూత తీస్తే పప్పంతా కలిసిపోయి పసుపు రంగు ముద్దయింది. రాత్రి పన్నెండు దాకా పితికిన అత్తమ్మ ఒక్క మాట అనలేదు, అదే విస్తట్లో వేసుకుని తినింది. ఆ రోజు నుంచి నా చెయ్యి కుక్కరు వైపు పోలేదు.

సంగటి

పులుసు పొయ్యి మీద ఉండగానే పక్క పొయ్యి మీద సంగటి పెట్టుకోవాలి. రెండూ వేడిగా కలవాలి.

ఐదుగురికి గ్లాసు బియ్యం, గ్లాసున్నర రాగిపిండి. నూకలుంటే ఇంకా మంచిది, త్వరగా మెత్తబడతాయి. బియ్యం అరగంట నానబెట్టి, ఐదు గ్లాసుల నీళ్లు, కొంచెం ఉప్పు వేసి ఉడికించండి. అన్నం చిమిడి, పైన ఇంకా గంజి నిలిచి ఉండగానే పిండి వెయ్యాలి. వేసే ముందు ఒక గ్లాసు వేడి గంజి పక్కకు తీసి పెట్టుకోండి. ఇదే అందరూ మరిచిపోయేది. సంగటి గట్టిపడ్డాక చన్నీళ్లు పోస్తే పిండి పచ్చి కొడుతుంది, ఆ గంజి అయితే కలిసిపోతుంది.

పిండిని మధ్యలో కుప్పగా పొయ్యండి. కలపొద్దు. కట్టె కొసతో కుప్ప మధ్యలో అడుగు దాకా ఒక గుంత చేస్తే ఆవిరి ఆ దారిలో పైకొచ్చి పిండిని ఉడికిస్తుంది. సెగ బాగా తగ్గించి, మూత పెట్టి పది నిమిషాలు వదిలెయ్యండి. ‘మూత తియ్యొద్దు పాపా, దానికి ఊపిరి ఆడనీ’ అనేది అవ్వ. పిండి రంగు ముదిరి పైన తడిగా మెరిసినప్పుడు ఉడికినట్టు. అప్పుడు గిన్నెను దించి, మందపాటి గుడ్డతో ఒకరు గట్టిగా పట్టుకుంటే ఇంకొకరు కట్టెతో కెలకాలి. మా ఇంట్లో పట్టుకునేది మా ఆయన, కెలికేది అబ్బాయి. గిన్నె అంచుకు ఒత్తుతూ, కిందిది పైకి తెస్తూ ఐదు నిమిషాలు ఆగకుండా కెలికితే ఉండలు ఉండవు. ఉండ కనిపిస్తే అక్కడికక్కడ కట్టెతో అంచుకు నొక్కి చిదిమెయ్యండి. గట్టిగా అనిపిస్తే పక్కన పెట్టిన గంజి కొంచెం కొంచెం పొయ్యండి. తడి చేత్తో తాకితే అంటుకోకూడదు, అంతే లెక్క. మళ్లీ మూత పెట్టి సన్న సెగ మీద రెండు నిమిషాలు మగ్గనివ్వండి.

పళ్లేనికి నెయ్యి రాసి, చెయ్యి తడుపుకుని వేడి మీదే ముద్దలు చెయ్యండి. మధ్యలో బొటనవేలితో గుంత చేసి నెయ్యి పోసి, చుట్టూ పులుసు వెయ్యండి. కొత్తగా తినేవాళ్లకు చెప్తున్నాను, సంగటిని నమలొద్దు. చిన్న తుంట తీసుకుని పులుసులో ముంచి మింగడమే. రాగిపిండి మాత్రం తాజాగా పట్టించింది ఉండాలి, నెలల తరబడి డబ్బాలో ఉన్నది చేదు వస్తుంది. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగానే కాల్షియం ఉంటుందని పిల్లలకు పాఠంలో చెప్తుంటాను, ఇంటికొచ్చి అత్తమ్మ పళ్లెంలో ఇంకో ముద్ద వేస్తాను.

ఊరిబిండి

2021 నవంబరులో తిరుపతిని వాన ముంచినప్పుడు మా వీధిలో మోకాలి దాకా నీళ్లు. కరెంటు లేదు, మిక్సీ లేదు, కూరగాయలు కొనడానికి బయటికి పోలేం. ఇంట్లో రాగిపిండి, చెనక్కాయ గింజలు, ఎండుమిరక్కాయలు, చింతపండు ఉన్నాయి. పెరట్లో తిరగేసి పెట్టిన అవ్వ రోలు కడిగి లోపలికి తెచ్చుకున్నాం. ఆ రోజు దంచిన ఊరిబిండి, అదే చెనక్కాయ గింజల పచ్చడి, తిన్నాక మా ఇంట్లో దాన్ని మళ్లీ మిక్సీలో వెయ్యలేదు.

గ్లాసు చెనక్కాయ గింజలు సన్న సెగ మీద పొట్టు చిటపటలాడేదాకా వేయించి, పొట్టు చెరిగెయ్యండి. పది ఎండుమిరక్కాయలు చెంచా నూనెలో వేయించుకోండి. రోట్లో మిరక్కాయలు, ఉప్పు ముందు దంచాలి, తరువాత నానబెట్టిన చింతపండు, నిప్పుల మీదో గ్యాసు మీదో కాల్చిన రెండు టమోటాలు, ఆరు తెల్లగడ్డ పాయలు. గింజలు చివర్లో. గింజలు ముందు వేస్తే నూనె దిగి మిగతావి నలగవు. పలుకు పలుకుగా ఉన్నప్పుడే ఆపి, ఒక ఎర్రగడ్డ వేసి రెండు పోట్లు పొడిచి తీసెయ్యండి. ఎర్రగడ్డ నలగాలి, మెదగకూడదు. రోలు లేనివాళ్లు మిక్సీని ఆపి ఆపి తిప్పుకోండి, ఎర్రగడ్డ మాత్రం చేత్తో తరిగి కలపండి. తిరగవాత అక్కర్లేదు.

మిగతావి

శనివారం రాత్రి చారుకు చిన్న నిమ్మకాయంత చింతపండు, నాలుగు గ్లాసుల నీళ్లు, చేత్తో పిసికిన రెండు టమోటాలు, పసుపు, ఉప్పు. పచ్చి వాసన పోయేదాకా మరిగించండి. చెంచాన్నర మిరియాలు, చెంచా జీలకర్ర, ఆరు తెల్లగడ్డ పాయలు కచ్చాపచ్చాగా దంచి అందులో వేసి, నురగ పొంగగానే దించెయ్యండి. ఆ పొడి పడ్డాక మరిగిస్తే ఘాటంతా గాలికి పోతుంది. నెయ్యి తిరగవాత వెయ్యండి. జలుబు చేసినోళ్లకు గ్లాసులో పోసివ్వండి.

ఆదివారం సాయంత్రం పాప బస్సెక్కే ముందు పెసరపప్పు పాయసం. గ్లాసు పెసరపప్పు దోరగా వేయించి మూడు గ్లాసుల నీళ్లలో మెత్తగా ఉడికించి, గ్లాసు బెల్లం వేరే గిన్నెలో కరిగించి వడగట్టి పొయ్యాలి. మా చిత్తూరు బెల్లం మండీలో నల్లబెల్లం అడిగి తెచ్చుకుంటాను, తెల్లగా మెరిసేదానికన్నా రుచి అందులోనే ఉంది. యాలకులు వేసి దించి, పది నిమిషాలు ఆరాక కాచి చల్లార్చిన పాలు గ్లాసు కలపండి. పొయ్యి మీద మరుగుతుండగా పోస్తే బెల్లానికి పాలు విరుగుతాయి.

పొద్దున పితికినప్పుడే కొంచెం పప్పు పక్కకు తీసి, గుడ్డ మీద ఆరబెట్టి, డబ్బాలో పోసి ఫ్రీజర్లో పెడతాను. పాప దాన్ని బెంగుళూరు తీసుకుపోతుంది. వారం మధ్యలో ఒక రాత్రి ఫోను చేసి, ‘మసాలాలో గసగసాలు ఎప్పుడెయ్యాలమ్మా’ అని అడుగుతుంది. నూనె చిటపటలు ఫోన్లో వినిపిస్తుంటాయి.

సంగటి మిగిలితే పారెయ్యొద్దు. మా అమ్మ మిగలకపోయినా మిగిలేట్టు చేసేది. ముద్దలు మట్టి సట్టిలో వేసి, మునిగేదాకా నీళ్లు పోసి, పళ్లెం మూత పెట్టి రాత్రంతా వదిలెయ్యండి. సోమవారం పొద్దున ఆ నీళ్లతోనే చేత్తో పిసికి, పుల్లటి మజ్జిగ, ఉప్పు కలిపి గ్లాసుల్లో పొయ్యండి. పక్కన ఒక ఎర్రగడ్డ కొరుక్కోవడానికి, గిన్నె అడుగున మిగిలిన ఊరిబిండి నాకడానికి. ఏడున్నరకు బడి బస్సు పట్టుకోవాలి కాబట్టి నేను నిలబడే తాగేస్తాను. అత్తమ్మ మాత్రం తన కుర్చీలో కూర్చుని, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఎండ గడప దాటి లోపలికి వచ్చేదాకా తాగుతూ ఉంటుంది.